వ్యర్థోష్ణమును గూర్చి: పటాన్‌చెరు పారిశ్రామిక మండలము నుండి ఒక సమీక్ష

రామచంద్రాపురము దాటి ముంబయి రహదారిపై సంగారెడ్డి వైపు పోవు ప్రయాణికునకు, పటాన్‌చెరు, ఇస్నాపురము, పాశమైలారము, రుద్రారము ఒకదాని వెంట నొకటి తగులుచుండగా, మొదట కంటికి ఆనునవి పొగగొట్టములే. రహదారి విడిచి లోనికి తిరిగి బొల్లారము, ఖాజీపల్లి, గడ్డపోతారము వైపు పోయినచో అవి మరింత దట్టమగును. ఈ గొట్టముల వెంట ఎంత ఉష్ణము ఆకాశము పాలగుచున్నదో, దానిని పట్టి విద్యుత్తుగా మార్చుకొన్నచో నెలనెల వచ్చు కరెంటు బిల్లు ఎంత దిగివచ్చునో అను ప్రశ్న ఇచ్చటి యజమానులలోను, ఇంజనీర్లలోను చాలకాలము నుండి నలుగుచున్నదే. 2012, 2013 సంవత్సరములలో ‘పవర్ హాలిడే’ పేరిట వారమునకు కొన్ని దినములు పరిశ్రమలకు విద్యుత్తు నిలిపివేసిన కాలమున అది ప్రాణావసరమైన ప్రశ్న. సరఫరా చక్కబడిన పిదప లాభనష్టముల లెక్కగా మిగిలినది. ప్రశ్న సమంజసమైనదే. అయినను, ఈ వేడి ఎంత యని అడుగువారు పలువురు, ఎన్ని డిగ్రీల వేడి యని అడుగువారు కొందరే యగుటచేత, దానికి లభించు సమాధానములు తరచుగా అత్యాశకో నిరాశకో దారితీయుచున్నవి.

ఈ మండలము ఒక్కనాట పుట్టినది కాదు. చెకోస్లొవేకియా దేశపు సహకారముతో 1960వ దశకమున రామచంద్రాపురమున వెలసి, ఆవిరి టర్బైనులు నిర్మించుటలో పేరుగాంచిన భారీ విద్యుత్పరికరముల కర్మాగారము, నేటి బీహెచ్ఈఎల్, దీనికి ముఖద్వారము. 1970, 1980 దశకములలో పారిశ్రామికవాడలు విస్తరించినవి; 1980లో ఇందిరాగాంధి మెదకు నుండి లోక్‌సభకు ఎన్నికైన తరువాత ఆ విస్తరణము వేగము పుంజుకొన్నది. బల్కు డ్రగ్గు కంపెనీలు, రంగులు రసాయనముల కర్మాగారములు, ఇనుప రోలింగు మిల్లులు, సదాశివపేటలో టైర్ల పరిశ్రమ, ఫసల్‌వాదిలో చక్కెర మిల్లు, ఇట్లు బహువిధములైన పరిశ్రమలు ఇరువది ముప్పది మైళ్ళ పరిధిలో చేరినవి. అయితే దేశమునకు ఈ ప్రాంతము పేరు తెలిసినది నీటి మూలమున. నక్కవాగు కాలుష్యముపై 1990లో సుప్రీంకోర్టుకు వ్యాజ్యము పోయినది. పటాన్‌చెరు వైద్యుడు డాక్టరు కిషన్‌రావు దశాబ్దములపాటు ఆ పోరాటమున నిలిచెను. వృథా పోవు ఉష్ణమునకు రంగులేదు, వాసనలేదు, అది పొలమును మాడ్చదు, బావిని చెరుపదు; కావున దానిపై కోర్టుకెక్కినవారు లేరు, దాని పద్దు వ్రాసినవారును అరుదు.

ఉష్ణమునకు పరిమాణముతోపాటు గుణము కూడ కలదని మొదట నిరూపించినవాడు ఫ్రెంచి ఇంజనీరు సాది కార్నో. 1824లో అతడు ప్రకటించిన చిన్న గ్రంథమందలి సారమిది: ఉష్ణము అధికోష్ణోగ్రత గల తావు నుండి అల్పోష్ణోగ్రత గల తావునకు దిగునప్పుడే దాని నుండి పని రాబట్టవచ్చును, ఆ రెండు తావుల వ్యత్యాసమును బట్టియే రాబట్టదగిన పనికి గరిష్ఠపరిమితి ఏర్పడును. పరిసరముల వేడిమి 35 డిగ్రీలనుకొన్నచో, 900 డిగ్రీల వాయువు నుండి నూటికి 73 పాళ్ళు, 350 డిగ్రీల వాయువు నుండి 50 పాళ్ళు, 150 డిగ్రీల పొగ నుండి 27 పాళ్ళు, 90 డిగ్రీల నీటి నుండి 15 పాళ్ళు మాత్రమే సిద్ధాంతరీత్యా పనిగా మారగలవు. ఆచరణలో యంత్రముల ఘర్షణము, ఉష్ణవినిమయమునందలి నష్టములు, పంపులకు ఫ్యానులకు పోవు విద్యుత్తు తీసివేయగా, 150 డిగ్రీల పొగకు పదవ వంతు దక్కుట కూడ మంచి ఫలితమే. 90 డిగ్రీల నీటికి ఐదారు పాళ్ళు దక్కుట గగనము. గంగాళము నిండ గోరువెచ్చని నీరున్నను దానితో గుప్పెడు బియ్యమైన ఉడకవు కదా. మరియొక సంగతి. ఈ లెక్కలో వేడి కొస వలెనే చల్లని కొసయు ముఖ్యమైనదే. మే మాసమున నలువది డిగ్రీలు దాటు ఈ పీఠభూమిలో, మంజీర నీరు హైదరాబాదు నగరమునకే చాలక 2016 వేసవిలో సింగూరు జలాశయము ఎండిపోయిన చోట, ఆవిరిని చల్లార్చుటకు సమృద్ధిగా నీరు దొరకునని తలచుట పొరపాటు. వేడి ఉచితమైనను చల్లదనము ఉచితము కాదు.

చరిత్ర చూచినను, మనుష్యులు వ్యర్థోష్ణమును మొదట వినియోగించినది విద్యుత్తునకు కాదు, తిరిగి వేడికే. స్కాట్లండులో నీల్సను 1828లో ఇనుప కొలిమికి ఊదు గాలిని ముందుగా వేడిచేసి పంపెను. బొగ్గు ఖర్చు ఒక్కసారిగా దిగిపోయినది. 1845లో ఇంగ్లండునందలి ఎడ్వర్డు గ్రీను, పొగ మార్గమున గొట్టములమర్చి బాయిలరునకు పోవు నీటిని వేడిచేయు ‘ఎకనమైజరు’ను కనిపెట్టెను. నేటికిని ప్రతి బాయిలరుహౌసులో ఆ పేరే వినబడును. 1850వ దశకమున సీమెన్సు సోదరులు, కొలిమి నుండి పోవు మంట వేడిని ఇటుకల గూళ్ళలో నిలువచేసి లోనికి వచ్చు గాలికి అందించు విధానమును స్థిరపరచిరి. వేడిని వేడిగానే వాడుకొన్నచో కార్నో విధించిన సుంకము చెల్లింపనక్కరలేదని వారు అనుభవముచేత ఎరుగుదురు.

వ్యర్థోష్ణము నుండి విద్యుత్తు తీయుట యందు పరాకాష్ఠ సంయుక్త చక్రపు గ్యాసు విద్యుత్కేంద్రము. గ్యాసు టర్బైను వదలిన ఐదారు వందల డిగ్రీల వాయువుతో ఆవిరి పుట్టించి, దానితో రెండవ టర్బైనును త్రిప్పుటవలన, ఒంటరిగా మూడవ వంతు ఇంధనమునకు ఫలమిచ్చు యంత్రము సగమునకు మించి ఫలమిచ్చును. విజ్జేశ్వరము, జేగురుపాడు, కొండపల్లి, కాకినాడలలో అట్టి కేంద్రములు 1990వ దశకము నుండి వరుసగా వెలసినవి. కృష్ణా గోదావరి గ్యాసు తగ్గిపోయిన తరువాత వాటిలో అధికభాగము మూలబడినవి. ఉష్ణమును ఇంతకంటె పొదుపుగా వాడు కేంద్రము మన రెండు రాష్ట్రములలో మరియొకటి లేదు, అవే ఇంధనము లేక ఖాళీగా నిలిచినవి. విధి చేసిన పరిహాసమనవలెను.

ఇక పరిశ్రమలలో తెలుగు గడ్డపై నెరవేరిన పనులను చూతము. విశాఖ ఉక్కు కర్మాగారము ఈ విషయమున దేశమునకే మార్గదర్శి. ఎఱ్ఱగా కాలిన కోకును నీరు చల్లి ఆర్పుట పూర్వాచారము. అట్లార్పినచో వేడియంతయు ఆవిరిమబ్బై లేచిపోవును. విశాఖలో మొదటి నుండియు మూసిన గదులలో నత్రజనిని త్రిప్పి కోకును చల్లార్చి, వేడెక్కిన నత్రజనితో బాయిలరులో ఆవిరి పుట్టించి, టర్బైనులను నడుపుచున్నారు. బ్లాస్టు ఫర్నేసు వాయువు పీడనముతో సైతము పన్నెండేసి మెగావాట్ల టర్బైనులు త్రిప్పుట వారికి అలవాటే. జపాను ప్రభుత్వ సంస్థ నెడో సహకారముతో సింటరు కూలరు వేడి నుండి 20.6 మెగావాట్లు తీయు కేంద్రమును కూడ తరువాత నెలకొల్పిరి.

సిమెంటు పరిశ్రమలో మొదటి అడుగు మన నల్గొండ జిల్లాలోనే పడినది. విష్ణుపురమున ఇండియా సిమెంట్సు కర్మాగారములో అదే నెడో సంస్థ, కవాసాకి కంపెనీల తోడ్పాటుతో 7.7 మెగావాట్ల వ్యర్థోష్ణ విద్యుత్కేంద్రము 2004లో పనిచేయ నారంభించెను. ప్రీహీటరు నుండి వెలువడు మూడు వందల డిగ్రీల చుట్టుప్రక్కల వేడిమి గల వాయువు, క్లింకరు కూలరు వేడిగాలి, ఈ రెండును బాయిలరులకు పోవును; సిమెంటు మిల్లుకు కావలసిన విద్యుత్తులో నాల్గవ వంతు వరకును ఈ పద్ధతిని సమకూర్చుకొనవచ్చును. తాడిపత్రిలో అల్ట్రాటెక్ వారు 2007లో మరియొక మార్గమును పట్టిరి. నీటికి బదులు తక్కువ వేడికే మరుగు సేంద్రియ ద్రవమును ఆవిరిగా మార్చి టర్బైనును త్రిప్పుట ఆ మార్గము. ఇజ్రాయెలు దేశపు ఆర్మాట్ కంపెనీ యంత్రములవి, నాలుగు మెగావాట్లకు పైబడిన సామర్థ్యము గలవి. బొగ్గు స్పాంజి ఇనుము కొలుముల సంగతి ఇంతకంటె సులువు. ఆ కొలిమి వదలు వాయువు తొమ్మిది వందల డిగ్రీలు దాటియుండును. దినమునకు వంద టన్నుల కొలిమి వేడితో రమారమి రెండు మెగావాట్లు తీయవచ్చును.

ఈ విజయములన్నిటికిని ఉమ్మడి లక్షణములు కలవు. వేడి సుమారు మూడు వందల డిగ్రీలకు తగ్గదు. కొలిమి ఏడాదిలో మూడు వందల దినములు రేయింబవళ్ళు ఆగదు. వాయువు ఒకటి రెండు తావుల నుండియే రాశిగా వెలువడును. పుట్టిన విద్యుత్తును ఆ గేటు లోపలనే ఖర్చుచేయు మిల్లు కలదు. ఈ కొలబద్దను చేతబట్టి పటాన్‌చెరునకు తిరిగి వచ్చినచో దృశ్యము మారిపోవును.

ఇక్కడి పరిశ్రమలకు గుండెకాయ బాయిలరు. చదరపు సెంటీమీటరునకు పదిన్నర కేజీ పీడనమున, గంటకు రెండు మొదలు పది పదిహేను టన్నుల ఆవిరి నిచ్చు బాయిలరులే హెచ్చు. బొగ్గో, ఊక బ్రికెట్టులో ఇంధనము. బాగుగా నడుపు బాయిలరు పొగ నూటయేబది, నూటయెనుబది డిగ్రీల నడుమ బయటికి పోవును. దీనితో టర్బైనును త్రిప్పవలెనని తలచువారు ముందుగా ఎకనమైజరు ఉన్నదా, దాని గొట్టములకు బూడిద పట్టలేదా అని చూచుట మేలు. పొగ వేడిమి ఇరువది రెండు డిగ్రీలు దిగినచో బాయిలరు సామర్థ్యము నూటికి ఒక పాలు పెరుగునని ఇంజనీర్లెల్లరు ఎరిగిన లెక్క. ఫర్నేసు ఆయిలు వంటి గంధకపు ఇంధనమైనచో పొగను మితిమీరి చల్లార్చుటయు ప్రమాదమే, ఆమ్లము దిగి గొట్టమును తినివేయును.

అసలు నష్టము పొగగొట్టమున కంటె నేలబారున జరుగుచున్నది. బల్కు డ్రగ్గు యూనిటులో రియాక్టరు జాకెట్టునకు ఆవిరి ఇచ్చిన పిమ్మట ట్రాపు నుండి దిగు కండెన్సేటు, నూరు డిగ్రీలు దాటిన స్వచ్ఛమైన నీరు, అనేక చోట్ల మోరీ పాలగుచుండును. కారణము అజ్ఞానము కాదు. ఎప్పుడైన ఒక కాయిలు చిల్లుపడి సాల్వెంటు అందు కలిసినచో, ఆ నీరు ఫీడు వాటరు ట్యాంకునకు చేరి బాయిలరే చెడిపోవునని ఆపరేటరు భయము. ఆ భయము నిరాధారమైనది కాదు. వాహకత కొలుచు మీటరు, దారి మళ్ళించు వాల్వు అమర్చినచో అందులో కొంత భయము తీరును. నీటిలో కలిసినను వాహకత మార్చని సాల్వెంటులకు వేరొక పరీక్ష కావలెను. ఏడు కేజీల పీడనమున ఉన్న కండెన్సేటు బయటపడగనే నూటికి పదమూడు పాళ్ళు ఆవిరియై లేచిపోవును. ట్యాంకులో నీరు ఆరు డిగ్రీలు వేడెక్కిన ప్రతిసారి ఇంధనము నూటికొకపాలు మిగులును. ఇంత సుళువైన పొదుపును విడిచి విద్యుత్తు కొరకు పరుగెత్తుట నాకు వింతగా తోచును.

విద్యుత్తు రాదా యన్నచో, వచ్చును. కాని అది తోక వద్ద కాక తల వద్ద దొరకును. పదిన్నర కేజీ ఆవిరిని ప్రాసెసునకు కావలసిన మూడున్నర కేజీకి దించుటకై ప్రతి ప్లాంటులో పీఆర్వీ యని పిలుచు వాల్వు ఉండును. ఆవిరి ఆ వాల్వులో బుసకొట్టుచు దిగును. ఉష్ణము నశింపదు గాని పని చేయగల శక్తి అక్కడనే అంతరించును. ఆ వాల్వు ప్రక్కనే చిన్న బ్యాక్‌ప్రెజరు టర్బైనును నిలిపినచో, గంటకు పది టన్నుల ఆవిరి పోవు చోట, టర్బైను సామర్థ్యము సగమే యనుకొన్నను, రెండు వందల కిలోవాట్లు చేతికి వచ్చునని నా లెక్క. ఏడాదికి ఏడు వేల గంటలు నడచినచో పదునాలుగు లక్షల యూనిట్లు. హెచ్.టి. ధర యూనిటుకు ఏడు రూపాయల చుట్టునున్న కాలమున ఇది కోటి రూపాయలకు కొంచెము తక్కువ. దీనికి అదనముగా కాల్చవలసిన సింగరేణి బొగ్గు నాలుగు వందల టన్నులకు లోపే, అనగా యూనిటుకు పావుకిలోకు కాస్త పైమాట. పెద్ద థర్మలు కేంద్రములో అదే యూనిటునకు దాని రెట్టింపునకు మించి బొగ్గు పోవును. ఏలనన, థర్మలు కేంద్రము ఉష్ణములో సగమునకు పైగా కూలింగు టవరుపాలు చేయగా, ఇక్కడ టర్బైను వదలిన ఆవిరి యావత్తు రియాక్టరుకు పనికివచ్చును.

ఇది క్రొత్త విద్య కాదు. చక్కెర మిల్లులన్నియు మొదటి నుండియు ఇట్లే నడచినవి. 1930వ దశకమున బోధనులో వెలసిన నిజాము షుగరు ఫ్యాక్టరీ మొదలు నేటి మిల్లుల వరకును చెరకు పిప్పి కాల్చిన ఆవిరి ముందు యంత్రమును త్రిప్పి, పిదప రసమును కాచును. పిప్పి బాయిలరు పీడనము ఎంత పెంచిన అంత విద్యుత్తు మిగులునని వారు ఎరిగి, పెంచుచు వచ్చిరి. బల్కు డ్రగ్గు యజమాని మాత్రము బాయిలరు కొనునపుడు చవకైన పదిన్నర కేజీ యంత్రమునే కొనును. ముప్పది రెండు, నలువది అయిదు కేజీల బాయిలరు కొన్నచో అదే ఆవిరి మూడింతలకు చేరువగా విద్యుత్తు నీయగలదని ఆ క్షణమున ఆయనకు చెప్పువారుండరు. నిర్ణయము ఆ ఒక్క కొనుగోలు ఆర్డరుపై ఆధారపడియున్నది. బాయిలరు ఇరువది ముప్పది ఏండ్లు ఉండును. ఆవిరి టర్బైనులు తయారగు రామచంద్రాపురమునకు పది పదిహేను మైళ్ళ దూరమున ఆవిరి వాల్వులలో బుసకొట్టుచుండుట చూచినప్పుడు కొంత విచారము, కొంత నవ్వు కలుగును. పెద్ద కర్మాగారము చిన్న టర్బైనులు చేయదు, అది వేరు సంగతి.

వేడిని చల్లదనముగా మార్చుట మరియొక దారి. బల్కు డ్రగ్గు పరిశ్రమకు ఆవిరి యెంత కావలెనో చిల్లింగు అంత కావలెను. తొంబది డిగ్రీల వేడినీటితో నడచు లిథియం బ్రోమైడు శోషణ యంత్రము, తాను గ్రహించిన వేడిలో నూటికి డెబ్బది పాళ్ళకు సమమైన శీతలమును ఏడు డిగ్రీల నీటి రూపమున ఇచ్చును. అదే వేడి నుండి విద్యుత్తు తీసి, ఆ విద్యుత్తుతో కంప్రెసరు నడిపినచో, అయిదారు పాళ్ళ విద్యుత్తునకు ముప్పది పాళ్ళ చల్లదనము మించదు. మైనసు డిగ్రీల బ్రైను కావలసినచో ఈ యంత్రము పనికిరాదు. అందుకు అమోనియా యంత్రములు కావలెను. కాలుష్య నియంత్రణ మండలి వారు విధించిన ‘జీరో లిక్విడు డిశ్చార్జి’, అనగా వ్యర్థజలమును బయటికి వదలరాదను నియమము వలన ప్రతి పెద్ద యూనిటులో వెలసిన ఎంఈఈ, అనగా వరుస గదులలో వ్యర్థజలమును ఇగుర్చు బాష్పీకరణి, ఆవిరి నత్యధికముగా త్రాగు యంత్రము. దాని చివరి గది నుండి వచ్చు యేబది, అరువది డిగ్రీల ఆవిరి కూలింగు టవరునకు పోవుచున్నది. అందునుండి విద్యుత్తు తీయ యత్నించుట వృథా. ఆ ఆవిరినే కంప్రెసరుతో నొక్కి వేడిపెంచి తిరిగి మొదటి గదికి పంపుట మేలైన మార్గము. అది విద్యుత్తును ఇచ్చుటకు బదులు కొంత తీసుకొనును గాని ఆవిరి ఖర్చును సింహభాగము తగ్గించును. నీటి కాలుష్యమును ఆపుటకై పెట్టిన నియమము బొగ్గు ఖర్చును పెంచినదను వాస్తవమును కూడ ఈ సందర్భమున గుర్తింపక తప్పదు.

రోలింగు మిల్లులలో బిల్లెట్టు కాల్చు కొలిమి పొగ ఆరేడు వందల డిగ్రీలు ఉండుటచేత అక్కడ విద్యుత్తునకు ఆస్కారము కలదని తోచును. కాని కరెంటు రాత్రిపూట చవక గనుక చాలమిల్లులు రాత్రియే నడచును. రోలు విరిగినచో గంటల తరబడి ఆగును. ఇట్లు ఆగియాగి వచ్చు వేడికి రిక్యుపరేటరు, అనగా గాలిని ముందుగా వేడిచేయు నీల్సను నాటి ఉపాయము, చాలును. అమోనియా నీటి మిశ్రమముతో నడచు కలీనా చక్రము, సీబెక్ 1821లో గుర్తించిన ఉష్ణవిద్యుత్ఫలముపై నడచు పలకలు మున్నగువాటిని గూర్చి పత్రికలలో తరచుగా వ్రాతలు వచ్చుచుండును. మొదటిది జపాను, ఐస్‌లాండులలో కొన్ని చోట్ల నడచినది. రెండవది అంతరిక్షనౌకలకు మేలు, బాయిలరుహౌసునకు ఇంకను కాలేదు. ప్రస్తుతమునకు వాటిని ప్రక్కనుంచవచ్చును.

ఇక ప్రభుత్వ నియమముల సంగతి. 2001 ఇంధన పొదుపు చట్టము, 2012లో ఆరంభమైన ‘పాట్’ (పెర్ఫార్మ్, అచీవ్ అండ్ ట్రేడ్) పథకము పెద్ద కర్మాగారములకు లక్ష్యములను విధించినవి; మొదటి విడతలో విద్యుత్తు, సిమెంటు, ఉక్కు, ఎరువులు, అల్యూమినియము, కాగితము, వస్త్రములు, క్లోరు ఆల్కలీ, ఈ ఎనిమిది రంగములే కలవు. ఔషధ పరిశ్రమ వాటిలో లేదు. మన మండలపు చిన్నయూనిటులు ఆ వలలో పడవు. 2003 విద్యుచ్చట్టము సహోత్పత్తిని, అనగా ఒకే ఇంధనముతో ఉష్ణమును విద్యుత్తును కలిపి పుట్టించుటను, పునరుత్పాదక శక్తితోపాటు ప్రోత్సహింపవలెనని 86వ విభాగమున చెప్పినది. సహోత్పత్తి చేయువారిపై పునరుత్పాదక విద్యుత్తు కొనుగోలు భారమును మోపరాదని అప్పిలేటు ట్రిబ్యునలు 2010లో సెంచరీ రేయాను కేసులో తీర్పునిచ్చినది. చట్టము అడ్డు కాదు. రెండు వందల కిలోవాట్ల టర్బైను గల యజమానికి గ్రిడ్డుతో సమాంతరముగా నడుపు అనుమతి, రిలేలు, తనిఖీలు తెచ్చుకొనుట మాత్రము అలసట గొలుపు పని.

చిన్నయూనిటులు విడివిడిగా చేయలేని పనిని కలిసి చేయవచ్చును గదా యను ఆలోచన సహజముగా కలుగును. డెన్మార్కులోని కాలుండ్‌బర్గు పట్టణమున విద్యుత్కేంద్రపు ఆవిరి గొట్టముల వెంట నోవో నార్డిస్కు ఔషధ కర్మాగారమునకు పోవుచు వచ్చినది. గుజరాతులోని సచిన్, అంకలేశ్వరము పారిశ్రామికవాడలలో ఒకే పెద్ద బాయిలరు నుండి పలు యూనిటులకు ఆవిరి అమ్ము వ్యాపారమే నడచుచున్నది. పెద్ద బాయిలరైనచో పీడనము పెంచవచ్చును, మధ్యలో తగిన టర్బైనును ఉంచవచ్చును, పొగ శుద్ధియు ఒకేచోట చక్కగా జరుగును. గడ్డపోతారము, ఖాజీపల్లి, బొల్లారముల వలె కర్మాగారములు గోడకు గోడ ఆనుకొనియున్న వాడలు దీనికి అనుకూలములే. అయితే ఈ ప్రాంతమునకు ఉమ్మడి యత్నముల అనుభవము కలదు. వ్యర్థజలములకై నెలకొల్పిన పటాన్‌చెరు ఎన్విరోటెక్ ఉమ్మడి శుద్ధికేంద్రము, అక్కడి నుండి అంబర్‌పేట వైపు వేసిన గొట్టము, ఎవరు ఎంత మలిన జలము పంపిరో తేల్చుకొనలేని వివాదముల నడుమనే సాగినవి. ఆవిరి విషయమున ఆ చిక్కు కొంత తక్కువ. వచ్చునది సరకు గాని మురుగు కాదు, ప్రతి గేటువద్ద మీటరు తిరుగును, డబ్బు కట్టని వారికి వాల్వు మూయవచ్చును. తిరిగి వచ్చు కండెన్సేటు ఎవరి రియాక్టరు నుండి సాల్వెంటుతో వచ్చెనో తేల్చుటయే కష్టము. అందుచేత తొలుత ఆవిరిని మాత్రమే అమ్మి, కండెన్సేటును ఎవరి ప్రాంగణములో వారే వాడుకొనునట్లు ఒప్పందము వ్రాయుట మంచిది. గొట్టము రోడ్డు దాటుటకు పారిశ్రామిక మౌలిక సదుపాయముల సంస్థ అనుమతి, బాయిలర్ల తనిఖీ శాఖ ఆమోదము కావలెను. 1923 నాటి బాయిలరు చట్టమునకు బదులు 2025లో క్రొత్త చట్టము వచ్చినది గావున, ఈ అనుమతుల దస్త్రమును ఎవరైన తెరువదలచినచో క్రొత్త చట్టము క్రిందనే తెరువవలసియుండును.